అట్టలో దొరికిన డిసెంబరు

పోయిన వారం, మంగళవారం ఉదయం తొమ్మిదిన్నరకు షాదీపూర్‌లోని మా ఇంటి వసారాలో మా కూతురి కూతురు కంప్యూటర్ ముందు, నేను దాని పక్కన పెన్సిలు పట్టుకుని కూర్చున్నాం. ఇంటర్నెట్‌లో వచ్చే ఒక పరిశోధన పత్రికకు అది ఇంటి నుంచే పనిచేస్తుంది. పరిశోధకులు తాము చూసిన పాత వ్యాసాల జాబితాను తమ వ్యాసం చివర ఇస్తారు కదా, ఆ జాబితాలో పేర్లు, ఏళ్ళు, సంపుటాలు, పేజీలు, కామాలు, చుక్కలు పత్రిక కోరిన పద్ధతిలో ఉన్నాయో లేవో చూసి దిద్దడం దాని పని. ఒక్కతే చూస్తే కళ్ళు మోసం చేస్తాయని నేనే దానికి చెప్పాను. అది పైకి చదువుతుంది, నేను కాగితం మీద ఒక్కో అంకెకు టిక్కు పెడతాను. ఆ రోజు నూట పద్నాలుగు వరుసల జాబితాలో ఎనభై ఆరో వరుస దగ్గర అది ఆగింది.

"అమ్మమ్మా, యే దేఖో. ఈ రెండు పేజీల నోట్‌కి వ్యాసం లోపల ఏడాది అరవై ఏడు అని ఉంది, కింద లిస్టులో అరవై ఎనిమిది. నెట్‌లో సబ్ జగా, అన్నిచోట్లా అరవై ఎనిమిదే. ఎనిమిది కర్ దూఁ, లోపల కూడా మార్చేయనా?"

రాసినవారి పేరు చదవమన్నాను. చదివింది. మా అక్క భర్త, మా బావ పేరు. దానికి ఆయన మాయాబందర్ తాతయ్యగానే తెలుసు గాని అచ్చులో పడిన పేరు తెలియదు. నేను పెన్సిలు కింద పెట్టి లేచాను. ఆ పూట వంటింటికీ వసారాకీ మధ్య ఏడుసార్లు తిరిగాను, ఒక్కసారైనా ఎందుకు వెళ్ళానో గుర్తు లేదు.

నా ఈడువాళ్ళకు తెలుసు, ప్రధాన భూమికి సముద్రం మీద మూడు నాలుగు రోజుల దూరంలో ఉన్న ఈ దీవుల్లో ఆ రోజుల్లో కాలం ఓడలో వచ్చేది. భీమిలి దగ్గర మా ఊరి నుంచి మా నాన్న వలలతో, అమ్మతో, మా ఇద్దరు అక్కచెల్లెళ్ళతో ఇక్కడికి వచ్చేటప్పటికి నాకు ఆరేళ్ళు. ఎవరి పెళ్ళి ఎప్పుడయిందని అడిగినా, ఏ బిడ్డ ఎప్పుడు పుట్టిందని అడిగినా మా వాడలో తేదీ చెప్పేవాళ్ళు కాదు, ఫలానా ఓడ వచ్చిన మూడో రోజు అనేవాళ్ళు. నాకు అది నచ్చేది కాదు. బడి పుస్తకం వెనక పేజీల్లో ఓడ వచ్చిన రోజుకు ఎదురుగా నెల, తేదీ, వారం రాసుకునేదాన్ని. పంతొమ్మిదో ఏట, అరవై ఏడు జూన్‌లో, చేపల మీద పరిశోధన చేసే ఒక చిన్న కార్యాలయంలో గ్రంథాలయ సహాయకురాలిగా తాత్కాలికపు ఉద్యోగం దొరికినప్పుడు, ఇన్నాళ్ళకు నా పిచ్చికి తగిన చోటు దొరికిందని మా అక్క నవ్వింది.

గ్రంథాలయం అంటే ఒక గది, మూడు బీరువాలు, ఒక టైపు మిషను. ప్రధాన భూమి మీద అచ్చయిన పరిశోధన పత్రికలు మద్రాసు చేరి, ఓడ కోసం అక్కడ పడి ఉండి, నెలకో రెండు నెలలకో మాకు అందేవి. రాగానే మొదటి పేజీ మీద 'అందిన తేదీ' అని ముద్ర కొట్టాలి. ఉప్పుగాలికి ముఖపత్రాలు వారం తిరిగేసరికి బూజు పట్టేవి, ఆ బూజు లోపలి పేజీలకు పాకేది. అందుకని వానలకు ముందే అప్పటిదాకా వచ్చిన సంచికలను గోల్ ఘర్ పేటలో పుస్తకాలు కుట్టే ఒక ముసలాయన దగ్గరికి పంపి, ముఖపత్రాలు తీసేయించి, గట్టి అట్ట వేయించి కుట్టించేవాళ్ళం. ఆ తర్వాత ఒక్కో వ్యాసానికీ ఒక్కో కార్డు రాసి పెట్టెలో వరసగా పెట్టడం నా పని. నా పెట్టెలో నాలుగు వందల పన్నెండు కార్డులు ఉండేవి. ఒక్క కొట్టివేత లేదు.

మా బావ వాల్తేరులో బీయస్సీ చదివి, మా కార్యాలయం తరఫున, పడవలో పోవలసినంత దూరాన ఉన్న మాయాబందర్‌లో క్షేత్ర సహాయకుడిగా ఉండేవాడు. రెండేళ్ళపాటు రోజూ జెట్టీ దగ్గర నెత్తళ్ళనే చిన్న చేపలు కొని, పొట్టలు చీల్చి, గుడ్లు లెక్కపెట్టి, అవి ఏ నెలల్లో గుడ్లతో ఒడ్డుకు వస్తాయో రెండు పేజీల్లో రాసి ఒక పత్రికకు పంపాడు. అచ్చయి వచ్చినప్పుడు మా ఇంట్లో అందరం ఆ పేజీలు పట్టుకుని చూశాం. మా నాన్న మాత్రం, "నెత్తళ్ళెప్పుడొస్తాయో నన్నడిగితే సెప్పనా అల్లుడూ, దానికి రెండేళ్ళెందుకు, రెండు పేజీలెందుకు?" అన్నాడు. "మీరు సెప్తే మీ పడవలోవాళ్ళే నమ్ముతారు మావా, ఇది సూస్తే ఢిల్లీవోడు నమ్ముతాడు" అని బావ నవ్వాడు.

ఢిల్లీవాడు నమ్మలేదు. అదే నేను చెప్పబోయేది. అరవై ఎనిమిదిలో విశాఖలో ఒక పరిశోధకుడి పోస్టు పడింది. అక్కకు మాయాబందర్‌లో అప్పటికే మూడుసార్లు మలేరియా వచ్చింది, మూడోసారి డాక్టరు ఉన్న చోటికి పడవలో తీసుకువస్తుంటే మనిషి దక్కుతుందనుకోలేదు. ఆ పోస్టు వస్తే ఇద్దరూ విశాఖలో ఉండవచ్చు. బావ దరఖాస్తు, దాని చివర తన వ్యాసంతో సహా ఇరవై మూడు వ్యాసాల జాబితా నేనే టైపు చేశాను, కార్బన్ పెట్టి అయిదు ప్రతులు. ఏళ్ళన్నీ నా కార్డుల నుంచి తీసుకున్నవే. నెత్తళ్ళ గుడ్ల సంగతి మొదట చెప్పింది తనేనని బావ దరఖాస్తులో రాసుకున్నాడు.

ఆగస్టు అయిదు, సోమవారం, బావ, అక్క మాయాబందర్ నుంచి పడవలో దిగారు. బావ చేతిలో ఢిల్లీలోని ఎంపిక సంఘం నుంచి వచ్చిన ఉత్తరం ఉంది. ఇదే విషయం మీద మరొకరి వ్యాసం అరవై ఎనిమిది జనవరిలో అచ్చయిందనీ, మీ జాబితాలో మీది కూడా అరవై ఎనిమిదే అనీ, నెల కూడా ఇవ్వలేదనీ, అలాంటప్పుడు మొదట చెప్పింది మీరే అని ఎలా రాశారో ఆగస్టు ఇరవై అయిదులోగా రుజువుతో తెలపాలనీ రాశారు. కాపీ కొట్టావని మాటల్లో అనలేదు, అంతకంటే మర్యాదగా అనలేరు. బావ ఎప్పుడూ నన్ను 'కేలండరు మరదలా' అని ఏడిపించేవాడు, ఆ రోజు ఆ ఉత్తరం నా చేతికిచ్చి గోడవారన కూర్చున్నాడు. ఓడ శనివారం పదో తేదీన వెళ్తుంది. దాని తర్వాతి ఓడ ఇరవై ఆరున. అంటే నాకు అయిదు రోజులు.

మంగళవారం పొద్దున్నే కార్యాలయం తలుపు తీసి రెండు కార్డులూ పక్కపక్కన పెట్టుకున్నాను. రెండు సంచికలూ అందిన తేదీ ఒకటే, ఫిబ్రవరి పదమూడు, మంగళవారం. రెండూ ఒకే ఓడలో వచ్చాయి. ఆ రెండో పత్రిక వాళ్ళు ప్రతి పేజీ అడుగునా నెల, ఏడాది వేసేవారు. బావ వ్యాసం వచ్చిన పత్రికలో లోపల సంపుటి సంఖ్య ఒక్కటే ఉండేది. ఆ సంపుటి జూలైలో మొదలై మరుసటి ఏడు జూన్‌లో ముగిసేది కాబట్టి దాన్నిబట్టి ఏడాది తేలదు. తేదీ ఉండేది ముఖపత్రం మీదే, అది చింపేశాం. మరి ఆ కార్డు మీద అరవై ఎనిమిది అని నేనెక్కడి నుంచి రాశాను? ముద్ర నుంచి. ముఖపత్రం లేని ప్రతి సంచికకూ అలాగే రాశాను. నేను రాసి పెట్టుకున్నవి పత్రికల తేదీలు కావు, ఓడల తేదీలు. వాడలో ఎవరిని చూసి నేను చిరాకు పడేదాన్నో వాళ్ళ పనే నేనూ చేశాను, కాకపోతే టైపు మిషను మీద చేశాను. ఆ గదిలో ఒక్కదాన్నే ఉన్నా నాకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

పత్రిక సంపాదకుడికి రాసి జవాబు తెప్పించాలంటే రెండు ఓడల కాలం పడుతుంది. ఇక మిగిలింది ముఖపత్రమే. బుధవారం కుట్టిన సంపుటం చంకలో పెట్టుకుని గోల్ ఘర్ వెళ్ళి, తీసేసిన ముఖపత్రాలు ఏం చేశారని ముసలాయన్ని అడిగాను. అట్ట గట్టిపడాలని పాత కాగితాలన్నీ పొరలు పొరలుగా మైదా పిండితో అతికించి, పైన గుడ్డ వేస్తానని చెప్పాడు. అయితే ఈ అట్ట ఊడదీయండి అన్నాను.

"పాగల్ హో గయీ క్యా బేటీ? జోడ్‌నే కే లియే సబ్ ఆతే హైఁ, తోడ్‌నే కే లియే తూ అకేలీ ఆయీ!"

పిచ్చెక్కిందా, అతికించమని అందరూ వస్తారు, ఊడదీయమని వచ్చినదానివి నువ్వొక్కదానివే అని నవ్వి, నా ముఖం చూసి నవ్వు ఆపేశాడు. తడిగుడ్డ వేసి గంటసేపు నాననిచ్చి, పల్చటి కత్తితో ఒక్కో పొరా లేపాడు. ముందు అట్టలో ఏవో రేషను ఫారాలు, ఒక హిందీ కేలండరు. నాకు కాళ్ళు నిలవక కొట్టు ముందు అటూ ఇటూ నడుస్తుంటే, కూర్చో బేటీ, నువ్వు నడిస్తే పిండి త్వరగా నానదు అన్నాడు. వెనక అట్టలో రెండో పొర కింద నీలం రంగు ముఖపత్రం వచ్చింది. సగం చిరిగి ఉంది గాని సంపుటి సంఖ్య ఉంది, సంచిక సంఖ్య ఉంది, వాటి కింద డిసెంబరు 1967 అని ఉంది. బావే ముందు. ఒక్క నెల ముందు, కాని ముందే.

గురువారం మా ఆఫీసరుగారికి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన ముఖపత్రాన్ని ధ్రువీకరించి సంతకం పెట్టి, కారణం రాయనక్కరలేదమ్మా, పొరపాటు అంటే చాలు, నీ ఉద్యోగం ఇంకా తాత్కాలికమే కదా అన్నారు. నేను ఒక రాత్రంతా ఆలోచించలేదు, అక్కడే నిలబడి నిర్ణయించుకున్నాను. పొరపాటు అని ఊరుకుంటే అది బావ పొరపాటనే అనుకుంటారు. అందిన తేదీని అచ్చయిన తేదీగా గ్రంథాలయ సహాయకురాలు రాసినందువల్ల ఈ తప్పు జరిగిందని టైపు చేసి, కింద నా పేరు పెట్టాను. అలాంటిదే ఒక చీటీ మా సంపుటంలో బావ వ్యాసం పక్కన అతికించాను. శనివారం ఓడ వెళ్ళింది. జెట్టీ మీద బావ, "పేరెందుకు రాసీసేవే?" అని ఒక్క మాట అడిగాడు. అక్క మాత్రం, "తారీకులు తారీకులని ఊరందర్నీ సంపుకు తిన్నావు, ఆఖరికి నా కొంపకే తప్పు తారీకు రాసేవు" అంది. ఆ తర్వాత ఏడు నెలల పన్నెండు రోజులు నాతో మాట్లాడలేదు.

జవాబు వచ్చేసరికి సెప్టెంబరు నెలాఖరు. మీ వివరణ సంతృప్తికరంగా ఉంది, మొదట ప్రకటించింది మీరేనని అంగీకరిస్తున్నాం, అయితే పోస్టు ఈలోగా భర్తీ అయింది అని. నా ఉద్యోగం మరుసటి ఏడు పర్మినెంటు అయింది, బావ మాయాబందర్‌లోనే ఇంకో ముప్ఫై ఒక్క ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాడు. అక్కకు ఇంకో రెండుసార్లు మలేరియా వచ్చింది, బతికింది. బావ నన్ను ఒక్క మాట అనలేదు గాని మళ్ళీ ఏ పత్రికకూ ఒక్క పేజీ పంపలేదు. ఎందుకని నేను అడగలేదు. ఆయన పోయి తొమ్మిదేళ్ళు.

నా నాలుగు వందల పన్నెండు కార్డుల్లో యాభై ఏడు తప్పని తేలింది. మూడు వారాలు కూర్చుని, ముఖపత్రాలు దొరికినవి చూసి, దొరకనివాటికి ఉత్తరాలు రాసి దిద్దాను, అంతటితో లెక్క తీరిందనుకున్నాను. ఆ అయిదు కార్బన్ ప్రతుల్లో ఒకటి అంతకుముందే మా కార్యాలయం వార్షిక నివేదిక చివర అచ్చయిన సంగతి నాకు తట్టలేదు. దాన్ని చూసి ఎవరో రాశారు, వాళ్ళను చూసి మరొకరు రాశారు. అసలు పత్రిక తెరిచి చూసినవాళ్ళు ఎవరూ ఉన్నట్టు లేరు. మొన్న మా మనవరాలు చదివిన వ్యాసం లోపల అరవై ఏడు అని సరిగా రాసింది ఎవరో నాకు తెలియదు, వాళ్ళకు దండం పెట్టాలి.

ఇదంతా విని మా మనవరాలు ఎనిమిదిని ఏడు చేసింది. రెప్పపాటు కూడా పట్టలేదు. తప్పు ఎవరిదో ఒక వాక్యం పక్కన పెట్టమన్నాను. "అలా పెట్టడానికి జగా హీ నహీఁ అమ్మమ్మా, చోటే లేదు, ఇది ఇంకా పబ్లిష్ కాలేదు కదా, తప్పు ఉన్నట్టే ఎవరికీ తెలీదు" అంది. మంచిదేనేమో. మా రోజుల్లో తప్పు, దాని పక్కన దిద్దుబాటు చీటీ, చీటీ మీద పేరు, మూడూ ఒకే పేజీలో ముసలివయ్యేవి. ఆ పేజీ తెరిచినవాళ్ళకు మనుషులు తెలిసేవాళ్ళు. తప్పు కూడా ఒక గదిలో, ఒక బీరువాలో ఉండేది, వెళ్ళి పట్టుకోవచ్చు. ఇప్పుడది ఎక్కడ ఉందంటే ఏం చెప్పను?

నా పోరు పడలేక అది వెతికి పెట్టింది. ఇంకా పదమూడు వ్యాసాల్లో అరవై ఎనిమిది ఉంది. పదమూడింటికీ ఈమెయిల్లో ఉత్తరాలు పంపించాం, నేను చెబుతుంటే అది ఇంగ్లీషులో కొట్టింది. అయిదుగురు దిద్దారు. ఇద్దరు పాతవాటిని మార్చడం కుదరదన్నారు. ఆరుగురు పలకలేదు. తొమ్మిది రోజులయింది. ఒకప్పుడు పదహారు రోజుల ఓడ కోసం గోడ మీద గీతలు పెట్టుకుంటూ స్థిమితంగా ఎదురుచూసినదాన్ని, డెబ్బై ఏడేళ్ళ వయసులో సాయంత్రం అయ్యేసరికి గేటు దాకా వెళ్ళి వస్తున్నాను, ఆ జవాబులు వచ్చే దారి అది కాదని తెలిసి కూడా.