మా నాన్న నడిపిన సమురాయ్ దండు

కంటి ఆపరేషన్ కోసం పక్క దీవిలోని లబాసా నుంచి, విమానాశ్రయం దగ్గరున్న నమాకాలోని మా ఇంటికి వచ్చేటప్పటికి మా నాన్న రెండు కళ్ళకీ పొరలు కమ్మేశాయి. ఆసుపత్రిలో ఆయన వంతు రావడానికి ఇంకా అయిదు వారాలుంది. చెరకు తోటలో బతుకంతా గడిపిన మనిషి, చెయ్యడానికి పనిలేక వరండాలో కూర్చుని విమానాల చప్పుడు వినేవాడు. "ఇది పోయేదా, వచ్చేదా?" అని ప్రతిసారీ నన్నడిగేవాడు.

ఆ రోజుల్లోనే పక్కింటివాళ్ళు సిడ్నీకి తరలిపోతూ మా అమ్మాయికి ఒక పెట్టె ఇచ్చి వెళ్ళారు. నిండా సమురాయ్‌ల బొమ్మలు, పాతకాలపు జపాను యోధులు, ఒక్కొక్కడు బొటనవేలంత. భోజనాల బల్ల మీద ఆకుపచ్చ గుడ్డ పరిచి, కింద పుస్తకాలు పెట్టి కొండలు లేపి, టేపుతో కొలుచుకుంటూ రెండు దండులు నడపాలి. దెబ్బ తగిలిందో లేదో పాచికలు చెబుతాయి. నాతో రెండాటలు ఆడింది. రెండుసార్లూ పొయ్యి మీద కూర మాడింది. మూడోసారి పెట్టె పట్టుకుని తాత దగ్గరికి వెళ్ళింది.

"నాకు కనపడదు కదా బేటీ."

"హాత్ సే దేఖో, తాతా," అని చేత్తో చూడమంటూ ఆయన అరచేతిలో ఒక బొమ్మ పెట్టింది. దానికి తెలుగు ముక్కలు ముక్కలుగానే వచ్చు. మా ఇంట్లో నడిచేది హిందీయే.

ఆయన వేళ్ళతో తడిమి చూశాడు. "ఈడికి బల్లెం ఉంది. ఈడు గుర్రం మీదోడు. ఈడి ఈపు మీద జెండా." రెండు రోజుల్లో ప్రతివాడూ గుర్తయ్యాడు. మూడో రోజు ఒక బల్లెం ఆయన వేళ్ళ మధ్య పుటుక్కున విరిగింది. బొమ్మని మెల్లగా బల్ల మీద పెట్టేసి, "ఇవి కేన్ నరికే చేతులు. ఇట్లాంటియి పట్టుకోడానికి కాదు," అని లేచి వెళ్ళిపోయాడు. ఎంత పిలిచినా రెండు రోజులు ఆటకి రాలేదు.

మా అమ్మాయి చీపురులోంచి ఒక పుల్ల తుంచి, చెక్కి, బొమ్మ చేతికి జిగురుతో అతికించింది. "తాతా, ఇప్పుడు అందర్లో వీడే స్ట్రాంగ్!" ఆయన ఆ పుల్ల మొన మీద వేలు పెట్టి చూసుకుని నవ్వాడు.

ఆ తర్వాత బడి నుంచి అది రాగానే ఆటే. శత్రువు ఎక్కడున్నాడో, ఎంత దూరంలో ఉన్నాడో చెప్పే పని నాది. మా నాన్న ఒకప్పుడు చెరకు నరికే గ్యాంగుకి సర్దార్. బొమ్మల్నీ అలాగే నడిపేవాడు. "కుర్రోళ్ళు ముందుకి. నువ్వు ఒంటరిగా పోకురా, పక్కోణ్ణి చూసుకో." నా పెళ్ళి కాకముందు పొద్దున్నే మా వాకిట్లో వినపడిన గొంతు అది. ఆ గొంతు మళ్ళీ విన్నందుకు ఎంత సంతోషం కలిగిందో ఆయనకి చెప్పలేదు.

ఒక శనివారం ఆట ఆయన చేతిలోకి వచ్చేసింది. గుర్రం మీది నాయకుడు కొండ వెనక ఇంకొక్క వంతు దాక్కుంటే గెలుపు ఆయనదే. కానీ బల్లకి అటు మూల ముగ్గురు బల్లెంవాళ్ళు చిక్కుబడి ఉన్నారు. నాయకుడు దగ్గరుంటే సైనికులకి ధైర్యం పెరుగుతుందని ఆటలో ఒక నియమం. మా నాన్న నాయకుణ్ణి వాళ్ళ దగ్గరికి నడిపించాడు. నాలుగు పాచికలు పడేసరికి నలుగురూ పోయారు.

"కాహే తాతా, ఎందుకు? అక్కడే ఉంటే నువ్వే విన్!"

మా నాన్న నాయకుడి బొమ్మని తడిమి చేతిలోకి తీసుకున్నాడు. తర్వాత నెమ్మదిగా చెప్పాడు. మా దీవులకి స్వాతంత్ర్యం వచ్చిన మరుసటేడు కోతల్లో ఒక రోజు తోటకి నిప్పంటుకుని గాలి తిరిగింది. ఆయన కేకేసి గ్యాంగుని తీసుకుని పరుగెత్తాడు. చివరి సాలులో ఉన్న స్నేహితుడు రాలేదు. బతికాడు గానీ కాలు కాలిపోయింది. మళ్ళీ చెరకు నరకలేదు.

"ఆడికి నా కేక ఇనపడలా. నేను ఎనక్కి పోలా. సర్దార్ ఎనక్కి పోవాల."

ఆ స్నేహితుడి ఇంటికి నెలకోసారైనా వెళ్ళి, వేరు దంచి కలిపిన యంగోనా తాగి, పంట గురించి మాట్లాడి వచ్చే మా నాన్న ఇంతకాలం ఇది మోస్తున్నాడని నాకు తెలియదు. మా అమ్మాయి కుర్చీ దగ్గరికి జరుపుకుని ఆయన చేతిమీద చెయ్యి వేసింది.

ఆపరేషన్ బాగా జరిగింది. కట్టు విప్పిన రోజున బొమ్మలన్నిటినీ కిటికీ దగ్గర వరసగా నిలబెట్టుకుని ఒక్కొక్కటే చూశాడు. బడి సెలవుల్లో ఆయన్ని దింపడానికి మేమిద్దరం లబాసా వెళ్ళాం. మా అమ్మాయి పెట్టె వెంట తెచ్చింది. మర్నాడే ఆ స్నేహితుడు కుంటుకుంటూ చూడ్డానికి వచ్చాడు. వరండాలో ఆట మొదలైంది. నాయకుడి నియమం ఆయనకి వివరిస్తూ మా అమ్మాయి ఉన్నమాట అనేసింది. "మా తాత ఓడిపోయినా సరే, వెనక్కే వెళ్తాడు. నీ కోసం."

నేను దాన్ని ఆపబోయాను. అప్పటికే ఆలస్యమైంది.

ఆ స్నేహితుడు చేతిలో బొమ్మని తిప్పుతూ కూర్చున్నాడు. "నువ్ పిల్చినావు. నాకు ఇనపడింది," అన్నాడు చివరికి. "ఆ వారమే కొన్న కొత్త కత్తి. దాని కోసం నేనే ఎనక్కి పోయినా. కత్తి కోసం కాలు పోగొట్టుకున్నాడని నవ్వుతారని ఎవరికీ చెప్పలా."

మా నాన్న తల వంచుకుని ఆపరేషన్ అయిన కన్ను తుడుచుకున్నాడు. నలక పడుతుందేమోనని నేను గుడ్డ తేవడానికి లోపలికి పరుగెత్తాను. తిరిగి వచ్చేసరికి ఇద్దరూ ఒకరి భుజం ఒకరు పట్టుకుని ఉన్నారు. మా అమ్మాయి కింద పడ్డ పాచికలు ఏరుతోంది.

పెట్టె అక్కడే వదిలేసి వచ్చాం. తర్వాతి సెలవులకి వెళ్ళేసరికి ఆటలో వాన పడితే బాణాలు పనిచేస్తాయా లేదా అని ఇద్దరు ముసలివాళ్ళూ వీధి చివరికి వినపడేలా పోట్లాడుకుంటున్నారు.