నిలువురాయికి యాసిడ్ స్నానం

ఛీ! ఆ రోజు గుర్తు చేసుకోవాలంటేనే రోత.

జిన్నారం వైపు మా ఊరి చేల మధ్య రెండు నిలువుల ఎత్తున్న రాయి ఒకటుంది. రాతలూ రాజులూ పుట్టకముందే ఎవరో నిలబెట్టారట. సర్కారు దాని చుట్టూ కంచె వేసి, పాడుచేస్తే జైలేనని నీలం బోర్డు పాతింది. గేటుకు తాళం వేసే దిక్కు మాత్రం లేదు. మాకది విత్తనాల రాయి. తొలకరికి మా పెద్దమ్మ విత్తనాల మూటను దానికి ఆనించి, అరచేత్తో ఆముదం రాసేది. ఆమె అత్త, ఆ అత్తకు అత్త, అందరూ అదే చోట రాశారు. అక్కడ రాయి నల్లగా, నున్నగా మెరిసేది. ఆ నునుపును ముట్టనిదే పెద్దమ్మ విత్తనం చల్లేది కాదు.

మొన్నటి తొలకరికి పురావస్తు శాఖ పెద్ద సార్లు రాయిని చూడ్డానికి వస్తున్నారని కబురొచ్చింది. మా ఊళ్లో సగం మందికి చుట్టుపక్కల కెమికల్ కంపెనీల్లోనే పని. ఏ మరకకైనా మాకు తెలిసిన మందు ఒకటే, యాసిడ్. బాత్రూం బండలకూ అదే, నీళ్ల తొట్టికీ అదే. సార్ల ముందు జిడ్డు రాయి ఉంటే ఊరి పరువు పోతుందని పెద్దమ్మ కొడుకే, మా అన్నే, కంపెనీ నుంచి డబ్బా తెచ్చాడు. మూట పట్టుకుని పెద్దమ్మ, నేను వెళ్లేసరికి ఒకటే పొగ, కంపు. అన్న ఇనుప బ్రష్‌తో గీకుతున్నాడు.

"సూడమ్మా, ఎన్నేండ్ల మురికో, ఎట్ల వోయిందో!" అన్నాడు గొప్పగా.

"అది మురికి గాదురా సన్నాసీ! మా అత్త చెయ్యిరా అది!"

అంతలో సార్లు వచ్చారు. ఒకాయన ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, "చాలా నీట్‌గా ఉంచారు," అని మెచ్చుకున్నాడు. అందరూ పాలిపోయిన రాయి పక్కన ఫొటో దిగి వెళ్లిపోయారు. థూ, ఏం చదువులో!

పెద్దమ్మ బోరు దగ్గర్నుంచి బిందెలు మోసి, ఒళ్లు కాలిన బిడ్డకు పోసినట్టు రాయి మీద నీళ్లు పోస్తూనే ఉంది. పొగ తగ్గాక చెయ్యి పెట్టి తడిమింది. ఎక్కడ ముట్టినా ఒకటే గరుకు.

"యాడున్నదే బిడ్డా?" అని నన్నడిగింది. నాకూ ఆ నునుపు దొరకలేదు. ఆమె మూట చంకన పెట్టుకుని, చేనుకు పోకుండా ఇంటికి మళ్లింది.

అన్న బోర్డుకు చుట్టిన ప్లాస్టిక్ కవరు విప్పుతున్నాడు. యాసిడ్ చుక్క పడితే అక్షరాలు పాడవుతాయని ముందే జాగ్రత్తగా కట్టాడట.