బొంగులూరు రోడ్డు ఈతమట్టలు

మట్టల ఆదివారం నాడు పిల్లల చేతుల్లో మట్టలు ఉండి తీరాలన్న పట్టుదలతో నేను ఒకసారి ఓ రియల్ ఎస్టేట్ వెంచరుకు గుండు గీశాను. ఆ భాగోతం చెప్తాను, కడుపారా నవ్వుకోండి. తప్పు చేశావని మాత్రం అనకండి. అంటే వాదనకు కూర్చుంటాను, నాకు వేరే పని కూడా లేదు.

మా ఇంట్లో లెంటుకు, అంటే ఈస్టరుకు ముందొచ్చే ఉపవాసాల నలభై రోజులకూ, మా నాయన పెట్టిన పద్ధతులున్నాయి. సాయంత్రం కుటుంబ ప్రార్థన. శుక్రవారం గంజి. వంటకు బియ్యం తీసినప్పుడల్లా పిల్లలు ఒక గుప్పెడు లేనివాళ్ల కోసం కుండలో పోయాలి. ఈస్టరుకు ముందు ఆదివారం, యేసు ప్రభువు యెరూషలేముకు వచ్చిన రోజును తలుచుకుంటూ, ఈతమట్టలు ఊపుతూ బజారంతా పాడుకుంటూ తిరగాలి. ముందురోజు ఆ ఆకులతో చిన్న సిలువలు అల్లడం నేనే నేర్పుతాను.

ఆ ఏడు ఇబ్రహీంపట్నం చుట్టూ భూములకు రెక్కలొచ్చాయి. ఈతచెట్లన్నీ జేసీబీల పాలయ్యాయి. చెట్టున్న చోట రాయి, రాయి మీద ప్లాటు నంబరు. మా అయ్యగారు, అంటే మా చర్చి పాస్టరు, ఈసారికి పచ్చ కాగితాలు కత్తిరించి ఇద్దామన్నారు. ఆరాధన మధ్యలోనే లేచి నిలబడ్డాను.

"నేను బతికుండంగ పిల్లల చేతికి నకిలీ మట్టలు రానియ్య అయ్యగారూ. అసలైనయే తెస్త."

శనివారం తెల్లవారుజామున మనవరాలు రూతును, మనవడు సామును వెంటబెట్టుకుని బొంగులూరు రోడ్డు పట్టాను. ఊరు దాటగానే కొత్త వెంచరు, దాని కమానుకు రెండు పక్కలా పొట్టి ఈతచెట్ల వరస. వాచ్‌మన్ చాయకు పోయినట్టున్నాడు. ఆకుల మీద దుమ్మెందుకు లేదని రూతు అడిగింది. బోరు నీళ్లతో కడుగుతారన్నాను. ముళ్లేవంది. హైబ్రిడ్ అన్నాను. కొడవలి పెట్టకముందే మట్ట సీసా మూతలా ఊడొచ్చింది. నీళ్లెక్కువై మొదలు మెత్తబడిందన్నాను. బడిలో చదివినవాడికి కొన్ని జవాబులే తెలుస్తాయి. నాలాగా సొంతంగా చదువుకున్నవాడికి అన్నీ తెలుస్తాయి.

ఇంటికొచ్చి సిలువలు అల్లబోతే వేసిన ముడి వేసినట్టే విడిపోయింది. పిల్లల వేళ్లలో పస లేదని తిట్టాను. పక్కింటి మేక, గోడ మీది పోస్టరును కూడా వదలనిది, మట్టను వాసన చూసి, నా ముఖం చూసి, వెళ్లిపోయింది. అదీ లెంటు ఉపవాసంలో ఉందని సర్దిచెప్పాను.

ఆదివారం ఊరేగింపు బ్రహ్మాండంగా బయలుదేరింది. ముందు పిల్లలు, వెనక పెళ్లికొడుకు తండ్రిలా నేను. అయ్యగారు ఒక మట్టను రెండు వేళ్లతో తడిమి చూసి, పాటలో కలిశారు. నడిబజారులో ఒక మోటారు సైకిలు మాకు అడ్డంగా ఆగింది. తెల్లచొక్కా వేసుకున్న వెంచరు మేనేజరు, వెనక వాచ్‌మన్ జంగయ్య.

"కాకా, గా మట్టలు మాయి" అన్నాడు జంగయ్య.

"మీయెట్లయితయిరా? ఈతచెట్టు దేవునిది."

"ఇయి దేవునియి కావు కాకా. ప్లాస్టిక్‌వి."

"హైబ్రిడ్ అన్నవ్ కద తాత" అంది రూతు, మెల్లగానే, అందరికీ వినపడేలా.

పది గంటలకు పట్నం నుంచి కస్టమర్ల బస్సు వస్తుందట, గేటు దగ్గర చెట్లు బోడిగా నిలబడ్డాయట. ఇప్పుడే తిరిగివ్వకపోతే పోలీసులను పిలుస్తానన్నాడు మేనేజరు. సాము మట్టను ఛాతీకి అదుముకుని ఏడుపు ముఖం పెట్టాడు. పండుగ పూట పిల్లల చేతుల్లోంచి మట్టలు గుంజుకోవడం చూస్తూ ఊరుకుంటానా?

"నిజం చెట్లు పీకి ప్లాస్టిక్‌వి నాటినోడు దొంగనా, చెట్టనుకొని మట్ట తెంపినోడు దొంగనా? నువ్వు పీకిన చెట్టు తెచ్చి చూపియ్, నీ మట్ట నీకిస్త."

అతను గడియారం చూసుకున్నాడు. అయ్యగారే మధ్యలోకొచ్చి, ఊరేగింపును వెంచరు దాకా పొడిగిద్దాం, పాట అయిపోయాక పిల్లలే మట్టలు పెట్టేస్తారు అన్నారు. మేనేజరు సరేననక తప్పలేదు.

మేమూ బస్సూ ఒకేసారి చేరాం. దిగిన కస్టమర్లు హోసన్నా పాటా, ఊగుతున్న మట్టలూ చూసి అక్కడే ఆగిపోయారు. పాట అవగానే పిల్లలు ఒక్కొక్కరే జంగయ్య పట్టుకున్న నిచ్చెనెక్కి మట్టలను చెట్లకు గుచ్చుతుంటే ఒక పెద్దమనిషి కళ్లు తుడుచుకుని, ప్లాటు కొనేవాళ్లందరికీ ఇలాగే స్వాగతం చెప్తారా అని అడిగాడు.

"అవ్ సార్, ఇది మా సంప్రదాయం" అన్నాడు మేనేజరు, రెప్పయినా వేయకుండా. నా వైపు తిరిగి గొంతు తగ్గించి, "వచ్చే ఆదివారం గూడ పిల్లలను పట్టుకరా తాతా, మట్టలు నేనే ఇస్త" అన్నాడు.

బైబిలు మీద చెయ్యి పెట్టి చెప్తున్నాను. ఇకపై ఏ చెట్టునైనా గిల్లి చూడకుండా దాని మీద చెయ్యి వెయ్యను. పొరపాటు నాదని మాత్రం చచ్చినా ఒప్పుకోను. చెట్టులా నిలబడ్డది చెట్టు కాకపోతే, ఆ తప్పు నాదెలా అవుతుంది?