ధోళీ కాలు ఎత్తి చూసింది నేనే

ఆరేండ్ల సంది ఒక్క అబద్ధాన్ని కడుపుల పెట్టుకొని తిరుగుతున్న. బరువైతుంది. తింటుంటె యాదికొస్తది. మగ్గం ముంగట నిలవడితె యాదికొస్తది. మా అక్క నవ్వుకుంట చాయ్ చేతికిస్తె ఇంకా ఎక్కువ యాదికొస్తది. నువ్వెవరో నాకు ఎర్క లేదు, నేనెవరో నీకు ఎర్క లేదు. గందుకే నీకు జెప్తున్న. ఎర్కున్నోళ్లకు జెప్పే ధైర్యముంటె ఎప్పుడో జెప్పకపోదునా?

మా బావ, అంటె మా అక్క పెనిమిటి, నేను సిరిసిల్ల దిక్కుకెళ్లి ఒక్కటే రైలెక్కి సూరత్‌ల దిగినం. ఆ పక్కనే జోల్వా అనే ఊళ్లె ఒక్కటే కార్ఖానల పక్కపక్క మగ్గాలు నడిపినం. పదేండ్లయినంక బావ మగ్గం ఇడిసిపెట్టి, దాసుకున్నదంత పెట్టి ఒక ఆడ గుర్రాన్ని కొన్నడు, పెండ్లికొడుకులను ఎక్కించుకొని బరాత్‌లు నడిపెటందుకు. తెల్లగ మల్లెపువ్వోలె ఉండేది. పేరు ధోళీ. గుజరాతీల ధోళీ అంటె తెల్లదనే. మా బావకు పిచ్చి లేసిందని నేనే అందరి ముంగట నవ్విన. పిచ్చి గాదు. జర్రంత కాలంలనే మేముండే పర్వత్ పాటియా బస్తీల పెండ్లంటె మా బావ గుర్రమే రావాలె అన్నట్టయ్యింది.

నా కడుపుమంట గప్పుడు మొదలైంది. నేను పోగు దుమ్ముకు దగ్గుకుంట ఇంటికొస్తుంటె, బావ ఎర్ర పగిడి చుట్టుకొని, అత్తరు వాసన గొట్టుకుంట ఎదురొచ్చేటోడు. ఐతారం డుమస్ సముద్రం ఒడ్డుకు గుర్రాన్ని తోల్కపోతె పిల్లలంత ఎంట ఉరికేటోళ్లు. నా బిడ్డ గూడ. "మామ గుర్రం మస్తుంటది నాయినా, నీ మగ్గం ఉత్త లొల్లి" అన్నది ఒకనాడు. ఏడేండ్ల పోరి, దానికేమెర్క? గానీ నాకు ఆ పూట బువ్వ దిగలే.

బావ మీదికంటె ఎక్కువ ఆ గుర్రం మీద మండేది నాకు. నవ్వకు. బావ గల్లీ మలుపు తిరిగితె సాలు, చెప్పుల సప్పుడుకే సకిలించేది. నేను బెల్లం పెడితె తిని మొఖం తిప్పుకునేది. మా ఇంట్లనేమో నేనొస్తె టీవీల కెళ్లి తల తిప్పి చూసేటోళ్లు లేరు. ఒక్క మనిషికే గంత ప్రేమ ఎందుకు? నాకేం తక్కువైంది? గుర్రంతోని పోటీ పెట్టుకున్న మొగోన్ని నువ్వెన్నడన్న చూసినవా? నేనున్న.

ధోళీకి ఏండ్లు మీదవడుతుండె. బావకు ఎప్పుడూ ఒక్కటే రంది, దీన్ని ఎప్పుడు ఆపాలె అని. తొందరపడి ఆపితె ఇల్లెట్ల నడుస్తది? ఆపకపోతె అదెన్నడన్న పెండ్లికొడుకును కింద పడేస్తె? పెండ్లికొడుకు గుర్రం మీదికెళ్లి పడుడంటె రెండిండ్లకూ అపశకునం. అందుకే ఇంటోళ్లందరి ముంగట ఒక మాట అన్నడు. మీద పెండ్లికొడుకు ఉండంగ ఎన్నడు తడవడుతదో, ఆనాటితోని దాని పని బంద్. నేను అక్కడ్నే ఉన్న. ఇన్న.

ఆ ఎండాకాలం బావకు కంటి ఆపరేషన్ అయ్యింది. కొన్నొద్దులు కిందికి వంగద్దన్నరు. గుర్రం గిట్టలు రోజూ ఎత్తి చూడాలె, ఇరుక్కున్న మట్టి, రాళ్లు తియ్యాలె. తియ్యకపోతె కుంటుతది. "ఇంకెవ్వన్నీ ముట్టనియ్య, నువ్వైతె నా అసొంటోనివి బామ్మర్దీ" అని ఆ పని నాకు అప్పజెప్పిండు.

గప్పుడే ఒక బరాత్‌ల, రోడ్డు తవ్వి కంకర పోసిన కాడ, ధోళీ ముంగటి కాలు మడతవడ్డది. పెండ్లికొడుకు జూలు పట్టుకొని నిలదొక్కుకున్నడు, పడలే. బ్యాండోళ్లు వాయించుడు గూడ ఆపలే. గానీ బావ మొఖంల నెత్తుటి సుక్క లేదు. తెల్లారి షెడ్డుల ఆయన దాని తలకాయ పట్టుకున్నడు, నేను కాలు ఎత్తిన.

గిట్ట నడిమిట్ల, మెత్తటి కాడ, చింతగింజంత కంకర రాయి దిగవడి ఉన్నది.

"ఏమన్న ఉన్నదా?" అని బావ అడిగిండు.

నేను రాయి మీద బొటనవేలు ఆనిచ్చిన.

"ఏం లేదు బావా."

"మంచిగ చూడు. రాయి గిట్ల?"

"చూసిన. సాఫ్ ఉన్నది. కీళ్లు పోతున్నయి బావా, వయసైంది. పాపం, ఇగ దాన్ని ఇడిసిపెట్టు."

"గంతేనంటవా?"

"గంతే."

పాపం అన్న. ఆ మాట నా నోటికెట్లొచ్చిందో! ముందుగాల అనుకొని చేసిన పని గాదు అని నాకు నేను చాన సార్లు జెప్పుకున్న. ఆ ఒక్కనాటికి అది నిజమే అనుకుందాం. మరి తెల్లారి? ఆ తెల్లారి? నాలుగు రోజులు పొద్దుగాల పోయి మూడు గిట్టలు సాఫ్ చేసిన. నాలుగోది ఎత్తి, చూసి, మళ్ల కిందవెట్టిన. అది కుంటుతుంటె బావ గోడకు ఒరిగి చూసుకుంట నిలవడేటోడు. నాలుగోనాడు, ముసలి జంతువులను సాకే పాంజరాపోళ్‌కు పోయి మాట్లాడొచ్చిండు.

ఆ పొద్దుమీకి నేను రాయి తీసేసిన. జాలిపడ్డనని అనుకోకు. అక్కడి డాక్టరు కాలెత్తి చూస్తె నేను దొరికిపోతనని భయమైంది, గందుకే తీసిన.

తోలిచ్చే పూట ధోళీ చక్కగ నడిచింది. "చూసినవా, ఇగ పని లేదని దానికి తెలిసిపోయింది, ఎంత సంబురంగ నడుస్తున్నదో" అని బావ కండ్లు తుడుసుకున్నడు. గప్పుడన్న నేను నోరు తెరవద్దా? ఆగు బావా, రాయి ఉండె, తీసిన, నీ గుర్రం మంచిగున్నది అంటె అయిపోతుండె. అనలే. భయమొక్కటే గాదు. లోపల సంతోషమైతుండె. జెప్పనీకి సిగ్గైతున్నది గానీ అదే నిజం. బావ పగిడి తీసి గూట్లె పెట్టిండు, వారం దాటకముందే మల్ల నా పక్క మగ్గం కాడ నిలవడ్డడు. నాకు గావల్సింది గదే.

మొదటిసారి ధోళీని చూడవోయినప్పుడు బావ నన్ను గూడ తోల్కపోయిండు. అక్కడ సాకెటాయన, "గింత గట్టి జంతువును ఎందుకు తెచ్చిన్రు భాయ్, ఇంకా పని జేస్తుండె గదా" అన్నడు. బావ నా భుజం మీద చెయ్యేసి, "టైముకు ఆపినం, గందుకే గట్టిగున్నది. అంత మా బామ్మర్ది పుణ్యం" అన్నడు. మా అక్కైతె సుట్టాలందరికి ఇప్పటికీ జెప్తది, నా తమ్మునిది వెన్నసొంటి మనసు, మూగజీవి బాధ చూడలేకపోయిండని. ధోళీ అక్కడ నాలుగేండ్లు బతికి పోయింది. ఆ నాలుగేండ్లల్ల ఒక్కనాడు కుంటలేదంట.

ఇప్పుడు బావకు గూడ నా లెక్కనే దగ్గు. మగ్గాల మోతకు చెవులు మందగిలినయి. గానీ చాయ్ కాడ ధోళీ ముచ్చట తీసిండంటె, కార్ఖానోళ్లంత గిలాసలు చేతుల పట్టుకొని ఆయన చుట్టే చేరుతరు. గుర్రం లేదు, పగిడి లేదు, అయినా మంది ఆయన దిక్కే. నా కడుపుల మంట ఇప్పటికీ ఆరలే. ఇగ నేను సాధించింది ఏంది?

బావకు ఎందుకు జెప్పవు అంటవు. కొడతడని గాదు. అక్క మాట్లాడదని గూడ గాదు. నాకు మా బావ ఎర్క. మాఫ్ చేస్తడు. అట్ల చేస్తె అప్పుడు గూడ ఆయనే నాకంటె పెద్దోడైతడు, అది నేను ఓర్వలేను. గింత నీచం ఉన్నది నా లోపల.

నిన్ను మాఫీ అడుగుతలేను. నువ్విచ్చినా అది నాకు చెల్లది. ఒక్క మాట బయటికి రావాలె, గంతే. ధోళీ ముసల్ది గాలె. నేనే దాన్ని ముసల్దాన్ని జేసిన.

అనేసిన. ఇగ జర ఊపిరి ఆడుతున్నది.