మూడోసారి అడగని మాట

మా ప్రొఫెసర్ గారు పోయారన్న కబురు ఆఫీస్ క్యాంటీన్‌లో, ట్రే పట్టుకుని లైన్‌లో నిలబడి ఉండగా తెలిసింది. ఆవిడ భర్త పంపిన మెసేజ్‌లో రెండే వాక్యాలు. "ఈ ఉదయం నిద్రలోనే వెళ్ళిపోయింది. నీకు నేనే స్వయంగా చెప్పాలనుకున్నాను." వెనకున్నతను "కాస్త కదుల్తారా?" అంటే కదిలాను. ఏదో పెట్టించుకుని కిటికీ పక్కన కూర్చున్నాను. బయట మా ఎడారి ఊరు చాండ్లర్ ఎండ రోజూలాగే కళ్ళల్లో పొడుస్తోంది. ఏడుపు రాలేదు. ఆవిడ ముఖం కూడా వెంటనే గుర్తుకి రాలేదు. గుర్తొచ్చింది ఒక అంకె. నేను ఆవిడని రెండుసార్లు అడిగాను. రెండే.

రెండు ఎందుకు తక్కువో చెప్పాలంటే ముందు ఆవిడెవరో చెప్పాలి.

ఇరాన్‌లో ఇస్ఫహాన్ ఆవిడది. ఇరవై మూడేళ్ళప్పుడు పీహెచ్‌డీకి అమెరికా వచ్చి, ఇల్లినాయ్‌లో ఒక యూనివర్సిటీలో ఒంట్లో ఓపికున్నన్నాళ్ళూ లెక్కలు చెప్పారు. నేను ఖమ్మం నుంచి ఎమ్మెస్‌కి వచ్చి ఆవిడ క్లాసులో పడ్డాను. ఆవిడ పరిశోధన అంతా ముడుల మీద. ఒక దారాన్ని బాగా చిక్కుపడేలా మెలితిప్పి, రెండు కొసలూ కలిపి అతికించేస్తే, కత్తిరించకుండా ఆ చిక్కు విడదీయగలమా లేదా అన్నది ప్రశ్న. ఫోన్‌లో మా అమ్మకి చెప్తే, "దానికంత చదువెందుకే, మల్లెపూలు కట్టేవాళ్ళని అడిగితే పోలా?" అంది. ఈ మాట ఆవిడకి చేరవేశాను. కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. "మీ అమ్మగారిని ముందే కలిసుంటే నాకు పదేళ్ళు కలిసొచ్చేవి."

(మేం మాట్లాడుకున్నదంతా ఇంగ్లీషే. నాకు వినిపించినట్టు తెలుగులో రాస్తున్నాను.)

ఆవిడ కాగితం మీద పెన్సిల్‌తో రాస్తూ, అదే తెర మీద పడేలా పాఠం చెప్పేవారు. క్లాసులు మొదలైన మూడో వారంలో ఒక లైన్ నాకు తేడాగా అనిపించింది. చెయ్యెత్తి, "సారీ ప్రొఫెసర్, నాకు సరిగ్గా తెలీదు, బహుశా నాదే పొరపాటేమో..." అని మొదలుపెట్టాను. ఆవిడ పెన్సిల్ కింద పెట్టారు. "ఇన్ని మాటలన్నావు. ఇందులో లెక్క ఏది?"

"ఆ నాలుగో లైన్ తప్పు."

"ఆ! అలా చెప్పు." ఆ కాగితం చర్రున చింపి, కొత్తది తీసుకుని, మొదటి లైన్ నుంచి మళ్ళీ రాశారు. ముఖంలో అవమానం వెతికాను. లేదు. ఎవరో బహుమతి ఇచ్చినట్టుంది.

క్లాస్ అయ్యాక తన గదికి రమ్మన్నారు. "టీ తాగుతావా?"

"నో, థాంక్యూ."

"కొంచెం?"

"వద్దండీ, పర్లేదు."

చేతులు కట్టుకుని నన్నే చూస్తూ కూర్చున్నారు. "ఇప్పుడు మూడోసారి అడగాలా?" అన్నారు. బిత్తరపోయాను. "మా ఊళ్ళో అయితే అడగాలి. తారోఫ్ అంటాం. పిలిచేవాళ్ళు పిలవాలి, వచ్చినవాళ్ళు రెండుసార్లు వద్దనాలి. మూడోసారి చెప్పేదే అసలు జవాబు. మీకు ఉందా ఇలాంటిది?"

"ఉందండీ. మొహమాటం అంటాం."

"ఎన్నిసార్లు?"

"మాకు లెక్కేం లేదు. చెయ్యి అడ్డం పెట్టినా వడ్డించేస్తారు."

ఆవిడకి అది తెగ నచ్చింది. ఆ రోజు నుంచి నా హోంవర్క్‌లో నేనెక్కడ 'అనుకుంటున్నాను', 'కావచ్చు' అని రాసినా, పక్కన ఎర్ర పెన్సిల్‌తో ఇంగ్లీషు అక్షరాల్లో 'మొహమాటం' అని రాసి సున్నా చుట్టేవారు. "టీకి ఎంతైనా మొహమాటపడు, జాన్. లెక్క దగ్గర పడకు." జాన్ అంటే వాళ్ళ భాషలో ప్రాణం. పిల్లల్నీ స్నేహితుల్నీ అలా పిలుస్తారట.

యూనివర్సిటీకి దగ్గర్లో, అరోరాలో వాళ్ళింటికి మొదటిసారి భోజనానికి వెళ్ళినప్పుడు, అన్నం గిన్నె పళ్ళెంలో బోర్లించి, అడుగంటిన మాడులోంచి పెద్ద ముక్క విరిచి నా ప్లేట్లో పెట్టారు. మనసు చివుక్కుమంది. మా ఇంట్లో మాడు తినేది అందరూ లేచాక కూర్చునే నానమ్మ. అంతలో అంకుల్, అంటే ఆవిడ భర్త, మందుల షాపులో పనిచేసి రిటైరైన పెద్దాయన, "పెళ్ళై ముప్పై ఏళ్ళు, నాకెప్పుడైనా అంత ముక్క పెట్టావా?" అని ఉడుక్కున్నారు. వాళ్ళలో అది చుట్టాలకి దక్కే భాగమట. బంగారు రంగులో వేగి కరకరలాడుతోంది. రెండో ముక్క నేనే అడిగి పెట్టించుకున్నాను.

ఆవిడ పేరు ఆ రంగంలో వాళ్ళకి తెలుసు, బయట తెలియదు. చదువుకునే రోజుల్లో వీసా ఒక్కసారి రావడానికే ఇచ్చారు. దేశం దాటితే మళ్ళీ రానిస్తారన్న నమ్మకం లేదు. ఆవిడ మొదటి పెద్ద పేపర్‌ని యూరప్‌లో ఒక సభలో మరొకాయన చదివారు. అక్కడి వాళ్ళు చాలాకాలం అది ఆయనదే అనుకున్నారు. "చప్పట్లు బాగా కొట్టారని ఉత్తరం రాశాడు, పాపం మంచివాడు," అనేవారు. వీసా స్టాంపింగ్ భయంతో అక్క పెళ్ళికి వెళ్ళని నాకు అది నవ్వులాటగా అనిపించేది కాదు.

ఆ పేపర్‌తోనే ఉద్యోగం వచ్చింది. తొమ్మిదేళ్ళ తర్వాత, ఎవరికో విడమరిచి చెప్తుండగా, అందులోని నిరూపణలో మధ్యన ఒక మెట్టు లేదని ఆవిడకే కనిపించింది. కింది మెట్టు ఉంది, పై మెట్టు ఉంది, మధ్యలోది కట్టకుండానే ఎక్కేశారు. ఎవరూ గమనించలేదు కదా, ఊరుకొమ్మన్నారట తోటివాళ్ళు. "నేను గమనించానుగా," అని పత్రికకి తనే రాసి, తప్పుందని అచ్చు వేయించారు. ప్రమోషన్ చాలా ఏళ్ళు వెనక్కిపోయింది. అప్పటినుంచీ ఆవిడ చేసిన పనంతా ఆ ఒక్క మెట్టు కోసమే. నేను చదివిన రెండేళ్ళలో మూడుసార్లు దొరికిందనుకున్నారు. మూడుసార్లూ నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పారు. రెండుసార్లు ఆవిడే పట్టుకున్నారు, ఒకసారి నేను. "నువ్వే ఎందుకో తెలుసా? నా మొహం మీద తప్పు అని చెప్పేది ఈ బిల్డింగ్‌లో నువ్వొక్కదానివే."

పీహెచ్‌డీకి ఉండిపొమ్మన్నారు. నాకు ఒకచోట కుదురుండదు. దూరాన చాండ్లర్‌లో, చిప్‌ల కంపెనీలో ఉద్యోగం వచ్చింది, వీసా గడువు తరుముతోంది, వెళ్తానన్నాను. "మంచిది, వెళ్ళు," అన్నారు. "కోపం లేదుగా?" అంటే "ఛ, కోపమెందుకు," అన్నారు. నేను సూట్‌కేస్ సర్దుకున్నాను.

చేతులు వణకడంతో మొదలైంది ఆవిడ జబ్బు. తర్వాత నడక, ఆ తర్వాత మాట నెమ్మదించాయి. ఆదివారాలు ఫోన్ చేసేదాన్ని. మొన్న జనవరిలో ఒక ఆదివారం, చాలాసేపు గొంతు కూడదీసుకుని, "ఆ మెట్టు దొరికింది, జాన్. దొరికిందనుకుంటున్నా," అన్నారు.

"పంపండి ప్రొఫెసర్, చూస్తాను."

"కాగితం మీద రాయలేకపోతున్నా. నువ్వు ఎదురుగా ఉంటే..." ఆగారు. "తొందరేం లేదులే."

"నేనొస్తాను."

"వద్దు, వద్దు. ఈ మంచులో ఎందుకు? నీకు ఆఫీసుంటుంది."

పై ఆదివారం మళ్ళీ అడిగాను. "వచ్చే నెల రానా? లీవు దొరుకుతుంది."

"ఆ లీవు మీ ఊరెళ్ళడానికి దాచుకో. వద్దు."

ఫోన్ పెట్టేసరికి మా రూమ్మేట్ గుమ్మంలో నిలబడి ఉంది. వరంగల్ పిల్ల. "ఏమన్నది మీ మేడమ్?"

"వద్దంది."

"రెండుసార్లు అడిగినవ్, రెండుసార్లు వద్దన్నది. పానం బాలేని మనిషిని ఇంక సతాయించకు. ఈ దేశంలో నో అంటే నోనే."

దాని తప్పేం లేదు. దానికి తారోఫ్ తెలియదు. నాకు తెలుసు. ఆవిడే నేర్పారు.

ఇక్కడ దాచకుండా చెప్పాలి. ఆ రెండో 'వద్దు' వినగానే నా గుండె తేలికపడింది. ఆఫీసులో డిజైన్ అప్పగించే గడువు దగ్గర పడుతోంది, అదొక సాకు. అసలు భయం వేరు. వెళ్తే ఆవిడ చెప్తారు, నేను వింటాను. ఒకవేళ ఆ మెట్టు కూడా తప్పైతే? ముప్పై ఏళ్ళ పనికి, ఆ వణికే చేతులకి ఎదురుగా కూర్చుని, తప్పు అని నేనే చెప్పాలి. నా చేత కాదనిపించింది. ఏ ఒక్క విషయంలో మొహమాటపడకూడదని నేర్పారో, సరిగ్గా ఆ విషయంలోనే మొహమాటపడ్డాను. ఆ తర్వాతి ఆదివారాల్లో వాతావరణం గురించి అడిగాను. మందుల గురించి అడిగాను. మార్చి గడిచింది. ఏప్రిల్‌లో ఆ మెసేజ్ వచ్చింది.

ఖననానికి అందుకోలేకపోయాను. పై వారం వెళ్ళాను. అంకుల్ ఒక్కరే ఉన్నారు. చొక్కా గుండీలు ఒకటి తప్పించి పెట్టుకున్నారు. సోఫాలో కూర్చున్నాక, దారంతా కూడగట్టుకున్న మాట బయటపెట్టాను.

"రావాలనే అనుకున్నానంకుల్. ప్రొఫెసర్ గారే వద్దన్నారు."

"తెలుసు. నేను పక్కనే ఉన్నా. ఫోన్ పట్టుకున్నది నేనేగా."

"రెండుసార్లు అడిగాను."

"అవును, రెండుసార్లు." ఆయన గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండేది. "రెండోసారి ఫోన్ పెట్టేశాక నేను పోట్లాడాను. పిల్లని రమ్మనొచ్చుగా అన్నా. నవ్వింది. 'దానికి తెలుసు. ఇంకోసారి అడుగుతుంది చూడు,' అంది."

ఆయన లేచి, "ఇలా రా," అన్నారు.

భోజనాల గదిలో బల్లని ఒక మూలకి జరిపేశారు. గోడకి స్కూళ్ళలో ఉండేలాంటి నల్లబోర్డు. చిన్న అక్షరాలు రాయడం చేతకాక, ఆఖరి నెలల్లో ఆయన చేత పెట్టించుకున్నారట. ఎడమ సగం నిండా ఆవిడ రాత. ఒక్కో అక్షరం అరచేయంత, వణుకుతూ, లైన్లన్నీ కుడివైపుకి వచ్చేసరికి కిందికి జారుతూ. కుడి సగం మీద ఒక్క గీత లేదు.

"అది నీ చోటు," అన్నారాయన. "నువ్వొచ్చి తప్పు పట్టుకుంటే రాయడానికి జాగా ఉండాలంది. నన్ను కూడా రాయనివ్వలేదు, పాలు తేవాలని రాసుకుంటే చెరిపించింది. రోజూ పొద్దున్నే తుడిపించేది. దుమ్ముంటే నీ సుద్ద పలకదట."

వంటింట్లోకి వెళ్ళి గుడ్డ తడిపి, నీళ్ళు పిండేసి తెచ్చారు. ఆ ఖాళీ సగాన్ని పైనుంచి కిందికి, మళ్ళీ పైనుంచి కిందికి, శ్రద్ధగా తుడిచారు. ఆవిడ రాత ఉన్నవైపు ఒక్క చుక్క కూడా పడనివ్వలేదు. ఇప్పుడెందుకని నేనడగలేదు. ఆయన పక్కకి జరిగి నిలబడ్డారు.

తడి అంచుల నుంచి ఆరుతూ మధ్యలోకి వచ్చింది. నల్లగా కిటికీ అంత, తర్వాత పళ్ళెమంత, తర్వాత అదీ లేదు. నేను ఎడమవైపు మూడో లైన్ దగ్గరే ఉన్నాను. ఇంకా చదువుతున్నాను.