నంబరు లేని బండి

మధురవాడలో ఆఫీసు ఉద్యోగం చేసే మా అబ్బాయి ఆ బండిని ట్రాలీ ఆటోలో ఇంటికి తెచ్చాడు. సన్నగా, ఎత్తుగా, రెండు గరుకు చక్రాలతో ఉంది. కొండల మీద, మట్టి దారుల్లో తోలే కరెంటు బండట.

"పెట్రోలు అక్కర్లేదమ్మా. లైసెన్సొద్దు, నంబరొద్దు. కరెంటు బండికి ఏటీ అక్కర్లేదని కొట్టువోడే సెప్పాడు," అన్నాడు.

నేను బండి వెనక్కి వెళ్ళి చూశాను. నంబరు పలక ఉండాల్సిన చోట ఏమీ లేదు. ఆ ఖాళీ వైపు ఎక్కువసేపు చూడలేకపోయాను. ఎందుకన్నది వాడికి చెప్పలేదు.

మా ఆయన ఆనందపురం కూడలిలో పోయాడు. అప్పటికి వీడు చిన్నవాడు. పూర్ణా మార్కెట్‌కి తీసుకెళ్ళాల్సిన వంకాయల మూటలతో మేమిద్దరం రోడ్డు పక్కన ఆటో కోసం నిలబడ్డాం. వెనక నుంచి వచ్చిన వ్యాను ఆయన్ని కొట్టి, కాస్త ముందుకు పోయి ఆగింది. దాని నంబరు నా కళ్ళెదుటే ఉంది. చెయ్యి చాపితే అందేది. అంతలోనే వెళ్ళిపోయింది.

"నంబరు చూశావా అమ్మా?" అని పోలీసాయన అడిగాడు.

"సూసాను బాబూ."

"ఎంత?"

నాకప్పటికి అక్షరాలు రావు, అంకెలు రావు. బస్సు నంబరు కూడా ఎవరినో అడిగి ఎక్కేదాన్ని. మట్టిలో వేలితో గీసి చూపించాను. ఒకటి కొడవలిలా, ఒకటి గుండ్రంగా, ఒకటి తిరగబడ్డ కుర్చీలా. ఆయన చూసి, పక్క టీకొట్టు వాళ్ళని అడగడానికి వెళ్ళాడు.

పిల్లలు పెద్దయ్యాక సాయంత్రం బడికి వెళ్ళి చదవడం నేర్చుకున్నాను. అంకెలు వచ్చిన దగ్గర్నుంచి ఆ పలకని చదవాలని కళ్ళు మూసుకుంటాను. కొడవలి ఒకరోజు ఏడులా ఉంటుంది, ఒకరోజు రెండులా. గుండ్రనిది సున్నా అనుకుంటే సున్నా, ఆరు అనుకుంటే ఆరు. చదువు వచ్చేకొద్దీ అది చెదిరిపోతోంది. పోవడం మాత్రం పోదు. కూర తరుగుతున్నా ఎదురుగా వచ్చి నిలబడుతుంది.

బండికి పూజ చేయిద్దామని నేనే అన్నాను. చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించకుండా మా ఇళ్ళల్లో ఎవరూ కొత్త బండి తోలరు. వాడు దాని మీద, నేను ఆటోలో గుడికి బయలుదేరాం. దారిలో వాడు మా ఆటోని దాటిపోయాడు. చప్పుడే లేదు. నీడ పోయినట్టు పోయాడు.

పూజారిగారు ముందువైపు బొట్టు పెట్టి, వెనక్కి వచ్చి ఆగిపోయారు. "నంబరు పలకేది నాయనా? ఇక్కడ బొట్టు దేనికి పెట్టను?"

"దీనికి ఉండదండి."

మా వెనక, కూతురి కొత్త స్కూటరుతో వరసలో నిలబడిన పెద్దమనిషి నవ్వాడు. ఆయన రవాణా శాఖలో బ్రేకు ఇన్‌స్పెక్టరట.

"దేవుడికి అక్కర్లేకపోవచ్చు బాబూ, మాకు కావాలి. ఎంత స్పీడు పోతుంది?"

"ఎనభై పోద్ది సార్."

"మరి? గంటకి పాతిక కిలోమీటర్లు దాటని చిన్న మోటారు బళ్ళకే నంబరు అక్కర్లేదన్న మినహాయింపు. ఇది రోడ్డు కోసం చేసింది కాదు, రిజిస్ట్రేషను అవదు. అది లేకపోతే ఇన్సూరెన్సూ లేదు. సొంత స్థలంలోనో, స్థలం గలాయన సరేనంటే అక్కడో తోలుకో. అక్కడిదాకా ట్రాలీలో ఎక్కించుకెళ్ళు."

"గుడికే కద్సార్ వచ్చాం."

"గుడికొచ్చేది రోడ్డు మీదే కదా. ఈరోజు నాకు సెలవు, అది నీ పుణ్యం. నెట్టుకుంటూ ఇంటికి పో."

ఆయన స్కూటరు నిమ్మకాయలు తొక్కి వెళ్ళగానే మావాడు బండెక్కాడు.

"దిగు," అన్నాను.

"రెండు కిలోమీటర్లమ్మా. ఎవుడు సూత్తాడు? నానెవుర్నీ గుద్దన్లే."

"మీ నాన్నని గుద్దినోడు కూడా ఇంటికాడ అలాగే సెప్పుంటాడు."

"ఇప్పుడదెందుకమ్మా?"

అప్పుడు చెప్పాను. నంబరు చూశానని, చదవలేకపోయానని. ఇన్నేళ్ళూ వాడు ఆ నంబరు ఎవరి కంటా పడలేదనే అనుకుంటున్నాడు.

"ఆయాల నాకు సదువు రాక ఆ వ్యాను తప్పించుకు పోనాది. రేపు నువ్వెవుర్నైనా గుద్దితే, సదువొచ్చినోళ్ళకి కూడా సదవడానికి ఏటీ ఉండదు. ఇప్పుడు సెప్పు, ఎక్కుతావా?"

వాడు దిగాడు. బండి ఆపేసి నెట్టడం మొదలుపెట్టాడు. నేను ఆటో ఎక్కకుండా వెనకే నడిచాను. దారిలో ఒకతను బైకు నెమ్మది చేసి, "బ్యాటరీ అయిపోనాదా బావా?" అన్నాడు.

"లేదు బావా, ఉంది."

"ఉంటే నెడతన్నావేటి?" అని నవ్వుకుంటూ అతను పోయాడు.

మా వీధి మలుపులో వాడు వెనక్కి తిరగకుండానే అడిగాడు. "ఆ వ్యాను ఏ రంగమ్మా?"

"తెలుపు."

వాడు బండిని గుమ్మం దాకా నెట్టుకెళ్ళాడు.

ఇప్పుడు ఆ బండి ట్రాలీ ఎక్కకుండా ఇల్లు కదలదు. ఆ రోజు చెప్పినందుకు ఆ మేలు జరిగింది. ఇంకొకటి కూడా జరిగింది. ఇద్దరం కలిసి ఎక్కడికి బయలుదేరినా, పక్కనుంచి తెల్ల వ్యాను పోతే, మాట మధ్యలో ఆపి వాడు దాని వెనక నంబరు పలక వైపు చూస్తాడు. అది కనుమరుగయ్యేదాకా పెదవులు కదులుతూనే ఉంటాయి.