అవ్వ వీపు, నలభై కుర్చీలు

ఈ రోజు మన ఖిల్లాలో పూర్వకాలపు వంట చేసి చూపించే కార్యక్రమం పెట్టాం. జొన్నరొట్టెలు చేయడానికి రుద్రూర్ నుంచి ఒక అవ్వను పిలిపించాం. పడమటి గోడ నీడలో నలభై కుర్చీలు వేయించి, వాటికి ఎదురుగా మూడు రాళ్ల పొయ్యి పెట్టించింది నేనే. అవ్వ వచ్చీ రాగానే రాళ్లు తిప్పి పెట్టుకుని, కుర్చీలకు వీపు చేసి కూర్చుంది.

“అందరికి నీ ఈపే కనబడుతది అవ్వా, జర ఇటు తిరుగు,” అన్నాను.

“పొద్దు పొడిసే దిక్కు ఇడిసిపెట్టి ఇంకో దిక్కు మొఖం బెట్టి పొయ్యి ముట్టిస్తరా బిడ్డా? మందికి కాళ్లున్నయి గదా, గిటు రమ్మను.”

నాకు చిరాకు వేసింది. కానీ మొదటి రొట్టె పొంగేసరికి జనమంతా లేచి వెళ్లి పొయ్యి చుట్టూ గొంతుక్కూర్చున్నారు. ఒకావిడ అడగకుండానే పుల్లలు ఎగదోసింది. కుర్చీలన్నీ ఖాళీ. నేనూ అక్కడే చేరి సగం రొట్టె తిన్నాను.

సాయంత్రం ఇంటికి వస్తే, మా ఆవిడ కొత్త కిరసనాయిలు స్టవ్వు ముందు తూర్పుకు తిరిగి కూర్చుని రొట్టెలు చేస్తోంది. ఖిల్లా గేటు మీద ‘పూర్వకాలపు వంట’ అని బోర్డు రాసిన పెద్దమనిషిని నేనే. మీ ఇంట్లో వండేవాళ్లు ఎటు తిరిగి కూర్చుంటారో చూసి చెప్పండి, ఆ బోర్డు ఉంచాలో దింపాలో తేల్చుకుంటాను.